నాలుగో కమాను సాక్షి

కాలువల శాఖలో ముప్పై ఒక్క సంవత్సరాలు తాపీ పని చేసి విరమించిన ఆ పెద్దమనిషిని ఊళ్లో అందరూ అనుమానాల మేస్త్రి అనే పిలిచేవారు. ఆ పేరు ఆయన చెవిన పడకపోలేదు, పడినా నొచ్చుకోలేదు. పాలవాడు పోసిన పాలలో వేలు ముంచి చూసేవాడు. గోడ గడియారం గంట కొడితే చేతి గడియారంతో సరిచూసేవాడు. వైద్యుడు పరీక్ష చేసి బాగానే ఉందంటే "బాగా అంటే ఎంత బాగా?" అని అడిగేవాడు. అయితే న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆయన అనుమానించి ఊరుకునే మనిషి కాదు, వెళ్లి చూసేవాడు. పొరబడ్డానని తేలితే ఆ మాట కూడా అంత గట్టిగానే చెప్పేవాడు.

ఊరికి మూడు మైళ్ల అవతల, పొలాలు దాటాక, కాలువను వాగు మీదుగా దాటించే పాతకాలపు రాతి వంతెన ఒకటి ఉంది. తొమ్మిది కమానులు, కింద వాగు, పైన కాలువ, కాలువ పక్కన మూడడుగుల నడకదారి. ఆ దారికి రెండు చివరలా ఇనుప గేట్లు, వాటికి ఎప్పుడూ తాళాలు. కారణం నాలుగో కమాను మొదట్లో, మనిషి ఎత్తున ఉన్న పగులు.

పగులు బతికి ఉందో చచ్చిందో తెలుసుకోవడానికి తాపీవాళ్లకు ఒక పద్ధతి ఉంది. రాతిని కుంచెతో దులిపి, తడిపి, పగులుకు అడ్డంగా అరచేతి వెడల్పున పలుచటి సిమెంటు బిళ్ల పెడతారు. పచ్చిగా ఉండగానే మేకుతో దాని మీద తేదీ గీస్తారు. రాయి కదిలితే బిళ్ల పగులుతుంది. దాన్ని సాక్షి అంటారు. ఏటా వేసవిలో పూడిక తీయడానికి కాలువను ఖాళీ చేసినప్పుడు, నీటి బరువు తగ్గి రాళ్లు సర్దుకుంటాయి. సాక్షి మీద వెంట్రుక మందాన గీత పడుతుంది, దాన్ని తీసి కొత్తది పెడతారు. మేస్త్రి లెక్క ప్రకారం ముప్పై ఒక్క వేసవులకు ముప్పై ఒక్క గీతలు. వరుసగా రెండు వేసవులు గీత పడకపోతే పగులు చచ్చినట్టేనని, అప్పుడు పైదారిని జనానికి తెరవవచ్చునని శాఖ నియమం.

ఆయన విరమించాక ఆ పని అల్లుడికి వచ్చింది. అల్లుడూ తాపీ మేస్త్రే, మితభాషి. పని ముగిశాక పనిముట్లు కడిగి, తుడిచి, సంచిలో పెట్టే రకం. మామగారికి అతని మీద ఇన్నేళ్లలో దొరికిన తప్పు ఒక్కటే: తప్పు దొరకకపోవడం.

ఒక గురువారం పొద్దున్న మేస్త్రి భార్య టీ గ్లాసు ఆయన ముందు పెట్టి, "ఆదివారం నడక బృందం వాళ్లు వంతెన మీదికి వెళ్తున్నారట. గేటు తీస్తారట. నేనూ పేరిచ్చాను" అంది.

"గేటెందుకు తీస్తారు?"

"రెండేళ్లుగా పగల్లేదటగా మీ బిళ్ల. అల్లుడే రాసిచ్చాడట."

ఆయన ఎత్తిన గ్లాసు మళ్లీ కింద పెట్టాడు. "పగల్లేదా?"

"మీ మొహం చూస్తే, పగలనందుకే బెంగ పెట్టుకున్నట్టుంది."

"ముప్పై ఒక్కసార్లు పగిలింది, నేను వచ్చేయగానే బుద్ధి తెచ్చుకుందా?"

"మీ పోరు పడలేక పగిలేదేమో, పాపం."

ఆమె నవ్వింది కాని ఆయన నవ్వలేదు. పెళ్లయిన నాటి నుంచి ఆమె ఆ వంతెన మీద ఒక్కసారి నడవాలని అడుగుతూనే ఉంది. తాళంచెవి తన జేబులో ఉన్నన్నాళ్లూ ఆయన వద్దంటూనే ఉన్నాడు. ఇప్పుడు అల్లుడి సంతకం మీద ఆమె నడవబోతోంది.

అనుమానం ఆయన తలలో అంచెలంచెలుగా పేరుకుంది. సాక్షి పగిలే ఉండాలి. పగిలినదాన్ని తీసేసి, కొత్తది పెట్టి, దాని మీద పాత తేదీ గీస్తే ఎవరికి తెలుస్తుంది? మామ చేతిరాత అల్లుడికి రాదా? పైగా దారి తెరిపించినందుకు ఆఫీసులో అల్లుడికి మంచి పేరొచ్చింది. పోయిన నెల కూతురింటి పెరట్లో సగం వాడిన సిమెంటు సంచి ఒకటి ఆయన కంటపడింది కూడా.

ఆ సాయంత్రమే కూతురింటికి వెళ్లాడు.

"స్నానాలగది మెట్టు విరిగితే వేయించాను నాన్నా" అంది కూతురు.

ఆయన వెళ్లి మెట్టు చూశాడు, జానతో కొలిచాడు. "దీనికి పావు సంచి చాలు. మిగిలిందేది?"

"వానకు తడిసి గడ్డ కట్టింది. అదిగో, గోడ పక్కన. మీరు నన్ను చూడ్డానికొచ్చారా, సంచిని చూడ్డానికొచ్చారా?"

ఆయన గడ్డను కాలితో దొర్లించి, రెండో వైపు కూడా చూశాడు. గడ్డ గడ్డే. అయినా బిళ్లకు కావలసింది గుప్పెడే కదా అనుకున్నాడు. కూతురికి ఏమీ చెప్పలేకపోయాడు. తన అనుమానం నిజమైతే అల్లుడి ఉద్యోగం పోతుంది, ఈ ఇల్లు వీధిన పడుతుంది. నిజమై ఉండీ తాను నోరు మూసుకుంటే, ఆదివారం నాలుగో కమాను మీద తన భార్య కాలు పడుతుంది. ఈ రెండింటి మధ్య ఆయనకు మూడు రోజులు అన్నం సయించలేదు.

ఆదివారం తెల్లవారి ఇరవై మంది బయలుదేరారు. ముందు నడిచేది పదవీ విరమణ చేసిన టీచరమ్మ. చేతిలో గొడుగు, మెళ్లో ఈల. మేస్త్రి భార్య కొత్త కాన్వాసు బూట్లు వేసుకుంది. అందరికన్నా వెనక మామా అల్లుళ్లు. అల్లుడి నడుముకు గేటు తాళంచెవి వేలాడుతోంది, భుజాన పనిముట్ల సంచి.

పొలం గట్టు దిగాక మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "ఏమల్లుడు గారూ, రెండు వేసవులూ మీరే స్వయంగా చూశారా?"

అల్లుడు ఒక అడుగు తడబడ్డాడు. "చూశాను మావయ్యా."

"దగ్గరగానా, గట్టు మీద నుంచా?"

"దగ్గరగానే. దీపం పెట్టి మరీ చూశాను."

ముందు నడుస్తున్న భార్య వెనక్కి వచ్చి ఆయన చెవి దగ్గర, "పదేళ్లుగా లేని గారు ఇవాళ ఎక్కడ మొలిచింది? మీరు అతన్ని మీరు అంటే నాకు కాళ్లలో వణుకు వస్తుంది" అంది.

"నీ కాళ్లు జాగ్రత్తగానే పెట్టుకో. అందుకే అడుగుతున్నా."

అల్లుడు తల వంచుకుని నడిచాడు. తల వంచుకోవడం తప్పు చేసినవాడి లక్షణమా, మామగారు తనను నమ్మడం లేదని గ్రహించినవాడి లక్షణమా అని మేస్త్రి చాలా దూరం తర్కించుకున్నాడు. రెండింటికీ మెడ ఒకే రకంగా వంగుతుంది.

మలుపు తిరగగానే వంతెన కనిపించింది. ఉదయపు ఎండ రాళ్ల మీద ఏటవాలుగా పడి, ఒక్కొక్క రాతి మీద ఉలి గాట్లు లెక్కపెట్టేటంత స్పష్టంగా ఉన్నాయి. జనం మెట్లెక్కి గేటు దగ్గరికి చేరారు. టీచరమ్మ తాళంచెవి కోసం చెయ్యి చాచింది.

"ఒక్క పది నిమిషాలు ఆగండమ్మా" అన్నాడు మేస్త్రి. "అల్లుడు గారూ, మీరు నాతో కిందికి రండి."

కమాను కింద చల్లగా ఉంది. పై నుంచి సన్నగా ఊరిన నీరు గోడ మీద పచ్చటి చారలు కట్టింది. సాక్షి ఉండవలసిన చోటే ఉంది, చెక్కుచెదరలేదు. దాని మీద తేదీ ఆయన చేతిరాతే. మేస్త్రి కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"మావయ్యా, మీరు అనుకుంటున్నదేమిటో అనేయండి" అన్నాడు అల్లుడు. "దారంతా నా మెడ మీద కత్తి పెట్టి నడిపించినట్టుంది."

"పగిలినదాన్ని తీసేసి కొత్తది పెట్టారా?"

అల్లుడి మొహం ఎర్రబడింది. సంచిలోంచి మేకు తీసి మామగారి చేతికిచ్చాడు. మేస్త్రి బిళ్ల అంచును గీకి చూశాడు. కొత్త సిమెంటు గీస్తే నల్లగా పొడి రాలుతుంది. ఇది ఎముకలా తెల్లగా, గట్టిగా ఉంది. అంచున పాకిన నాచు ఒక్క ఏడాదిది కాదు. తేదీలో ఒకటి అంకెను ఏడులా వంపు తిప్పి గీసిన వంకర కూడా తనదే. అది తాను ఉద్యోగంలో చివరి రోజున పెట్టిన బిళ్లే.

ఆయన గుండెల మీది బరువు దిగింది. దిగిన మరుక్షణమే వేరొకటి ఎక్కింది. బిళ్ల పాతదే అయితే, ఎందుకు పగల్లేదు?

"తాపీ ఇలా ఇయ్యి."

తాపీ పిడితో బిళ్ల కుడి వైపు కొట్టాడు. గట్టిగా, రాయి పలికినట్టు పలికింది. ఎడమ వైపు కొట్టాడు. డొల్ల మోత. మళ్లీ కొట్టాడు. డొల్లే. తాపీ మొనను ఎడమ అంచు కిందికి పోనిస్తే, అడ్డులేకుండా రెండు వేళ్ల మేర లోపలికి పోయింది. బిళ్ల ఒక్క వైపే రాతిని పట్టుకుని ఉంది. రెండో రాయి ఎటు కదిలినా దానికి తెలియదు. దాని చాటున పగులు, రెండు వేసవులుగా, తన దారిన తాను తెరుచుకుంటూనే ఉంది.

మేస్త్రికి ఆ రోజు గుర్తుకొచ్చింది. వీడ్కోలు సభకు వేళయిందని గట్టు మీద జీపు మూడుసార్లు హారన్ కొట్టింది. కుడి వైపు దులిపి తడిపాడు. ఎడమ వైపు దులిపినట్టు ఎంత వెతికినా జ్ఞాపకం లేదు.

"నువ్వెప్పుడూ దీన్ని కొట్టి చూడలేదా?" అని అడిగాడు. గొంతులో గారు పోయింది.

అల్లుడు మేకు తిరిగి తీసుకుని సంచిలో పెట్టాడు. "కాలువ పొడవునా వేరేచోట్ల నేను పెట్టినవన్నీ కొట్టి చూశాను. ఇది మీరు పెట్టింది. మీరు పెట్టినదాన్ని నేను కొట్టి చూడ్డమేమిటి అనుకున్నాను."

"పాలవాణ్ణి నమ్మనివాణ్ణి, నన్ను నువ్వు నమ్మావా?"

"మీరే కదా నాకు పని నేర్పింది."

వాళ్లు మెట్లెక్కి వచ్చేసరికి అందరి కళ్లూ తాళంచెవి మీదే ఉన్నాయి. టీచరమ్మ, "ఏమైంది మేస్త్రి గారూ, వెళ్లవచ్చా?" అంది.

"వెళ్లకూడదమ్మా. పగులు బతికే ఉంది."

"మరి చెక్కుచెదరలేదని కాగితం ఇచ్చారే. ఎవరి పొరపాటు?"

అల్లుడు నోరు తెరిచాడు. మేస్త్రి అరచెయ్యి అతనికి అడ్డం పెట్టాడు.

"బిళ్ల పెట్టింది నేను. సగం రాతిని దులపకుండా పెట్టాను. అతను దాన్ని తట్టి చూడకపోవడం రెండో తప్పు. కాని మొదటిది లేకపోతే అది లేదు. ఎవరైనా కాగితం అడిగితే ఈ మాటే రాసి నా సంతకం పెడతాను." కొంచెం ఆగి, అందరికీ వినిపించేలా, "ఈ మూడు రోజులూ నేను మా అల్లుణ్ణి అనుమానించాను. అది మూడో తప్పు" అన్నాడు.

అల్లుడు గేటు తాళాన్ని ఒకసారి లాగి చూసి, తాళంచెవి సంచిలో వేసుకున్నాడు.

మేస్త్రి భార్య తన కొత్త బూట్ల వైపు చూసుకుంది. "ముప్పై ఏళ్లు పైగా కాపలా కాశారు నన్ను, ఇది ఎక్కకుండా. ఇవాళ మీరు రాకపోతే ఎక్కేసేదాన్ని."

"అందుకే వచ్చాను."

"తెలుసు లెండి. బూట్లు దండగైనందుకు అంటున్నా."

జనం గట్టు మీద కూర్చుని తెచ్చుకున్న రొట్టెలు తింటుండగా మేస్త్రి, భార్య, అల్లుడు ముగ్గురూ కిందికి దిగారు. పాత బిళ్లను ఊడదీయడానికి మేస్త్రి ఒప్పుకోలేదు, ఆఫీసువాళ్లు చూడాలన్నాడు. దాని పైన జానెడు ఎత్తులో కొత్తది పెట్టాలి. అలవాటు కొద్దీ తాపీ ఆయన చేతిలోనే ఉంది. ఆయన దాన్ని రెండు క్షణాలు చూసి అల్లుడికి ఇచ్చేశాడు.

"నువ్వే పెట్టు."

అల్లుడు కుడి వైపు దులిపాడు, ఎడమ వైపు దులిపాడు, అత్తగారు డబ్బాతో నీళ్లు అందించింది. మేస్త్రి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. కుంచె మూడోసారి పోయినప్పుడు, "ఎడమ పక్క ఇంకొక్కసారి" అన్నాడు.

"నాలుగుసార్లయింది మావయ్యా."

"మూడు. నేను లెక్కపెట్టాను."

అల్లుడు నవ్వుతూ నాలుగోసారి దులిపాడు.

తర్వాతి వేసవిలో కాలువ ఖాళీ చేసిన తొమ్మిదో రోజున అల్లుడు మధ్యాహ్నం వేళ సైకిలు మీద వచ్చి, గుమ్మంలోంచే, "పగిలింది మావయ్యా. వెంట్రుక మందాన, నిట్టనిలువుగా" అని చెప్పాడు. మేస్త్రి భోజనం చేస్తున్నవాడల్లా చెయ్యి కడుక్కుని లేచాడు.

"దీపం పెట్టి చూశావా?"

"చూశాను."

"కొట్టి చూశావా?"

"రెండు వైపులా. రాయిలా మోగింది."

"సరే" అని ఆయన చెప్పుల కోసం వెతికాడు. భార్య అప్పటికే మూలనున్న కాన్వాసు బూట్లు తీసి దుమ్ము దులుపుతోంది.

"పైకి కాదు సుమా" అన్నాడు మేస్త్రి.

"తెలుసు లెండి. కింద నుంచే" అందామె.