చేతి వెనకవైపు

ఖరగ్‌పూర్ స్టేషన్ వెయిటింగ్ రూంలో ఫోన్ ఛార్జింగుకు పెట్టి, అందులోనే రెండు ప్రాసెసర్ల వివరాలు మార్చి మార్చి చూస్తున్నాను. పుస్తకాల అరలో పట్టేంత చిన్న కంప్యూటర్ నా చేతులతో నేనే బిగించుకోవాలని కోరిక. ఒక ప్రాసెసర్ మహా వేగం, కానీ బాగా వేడెక్కుతుంది. రెండోది నెమ్మది, చల్లన. మనసేమో మొదటి దాని మీదే ఉంది.

"ఏటి బాబూ, అంతలా సూస్తన్నావు?" అన్నాడు పక్క కుర్చీలో పెద్దాయన. రైల్వేలో వ్యాగన్లు పరీక్షించే పని చేసి రిటైరయ్యాడట. సంగతి చెప్పాను.

"ఆ పెట్టెలో గాలాడతాదా?"

"అంతగా ఆడదండీ."

"అయితే సల్లందే కొనుక్కో. ఇరుకు గదిలో కుంపటి ఎట్టుకుంటారేటి?"

అంటూనే నా ఫోన్ మీద చేతి వెనకవైపు ఆనించాడు. గూడ్సు ఆగగానే చక్రాల దగ్గర వేడి పుట్టిందేమో అలాగే చూసేవాళ్లట. అరచెయ్యి కాలితే మర్నాడు చక్రాలు తట్టి చూసే సుత్తి పట్టలేరు కదా.

"బాగానే కాలతంది," అన్నాడు. కానీ చెయ్యి తియ్యలేదు. "పన్జేసి ఏడెక్కిందాన్ని ముట్టుకుని ఆరేళ్లయినాది బాబూ."

నేను చల్లనిదే కొన్నాను. ఇప్పటికీ కంప్యూటర్ ఆపే ముందు దాని మీద చేతి వెనకవైపు ఆనిస్తాను. గంటలకొద్దీ పనిచేసినా గోరువెచ్చగా కూడా ఉండదు. ఆయన సలహా మంచిదే. కానీ ఎప్పుడైనా ఆయనే మా గదికొచ్చి చెయ్యి పెడితే, పాపం, ఏం తగులుతుంది?