చైనా మాస్టారి నోట్సు

యూనివర్సిటీ గేటు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపు నాది. ఇరవై రెండేళ్లుగా నా షాపులో అన్నిటికంటే ఎక్కువ పోయింది మా బావ నోట్సు. పిల్లలు ఆయన్ని చైనా మాస్టారంటారు. ఆ పేరు వింటే మా అక్కకు ఒళ్లు మంట. "చెప్పేది సగం చైనా, సగం పడమటి దేశాలు. ఆ రెండో సగం ఎవరి కళ్లకీ ఆనదా?" అంటుంది.

అసలు చైనా, పాశ్చాత్య దేశాల చరిత్రను కలిపి చెప్పే ఆ పేపరు డిపార్ట్‌మెంట్‌లో ఎవరికీ అక్కర్లేదు. రోమ్ చదువుకున్నవాళ్లకు చైనా అంటే విసుగు. చైనా చదువుకున్నవాళ్లు లేనే లేరు. అందుకే దాన్ని గెస్ట్ లెక్చరర్ అయిన మా బావ నెత్తిన పడేశారు. ఆయన బోర్డు మధ్యలో నిలువుగా గీత గీసి, ఒకే కాలంలో అటు ఏం జరిగిందో, ఇటు ఏం జరిగిందో రాసేవాడు. పుస్తకం లేదు. ఆయన చెప్పడం, పిల్లలు రాసుకోవడం. మొదటి బ్యాచ్‌లో గుండ్రటి చేతిరాత ఉన్న ఒకమ్మాయి రాసుకున్న నోట్సే నేను ఇన్నేళ్లూ జిరాక్స్ తీశాను.

ఆ అమ్మాయి ఇప్పుడు ఆ డిపార్ట్‌మెంట్‌కి హెడ్. నిరుడు పుస్తకం వేసింది. బావ నా కౌంటర్ దగ్గర నిలబడే అరగంట చదివి, "బాగానే రాసింది" అన్నాడు.

"బాగానే రాసిందా! నీ నోట్సే కదా బావా! గీతతో సహా దింపేసింది!"

"గీత ఎవరైనా గీస్తార్రా."

ఈ మనిషితో వేగడం మా అక్కకే చెల్లింది. అయితే ఈ ఏడు ఆ పేపరుకి పర్మనెంట్ పోస్టు పడింది. వయసు చూస్తే బావకి ఇదే ఆఖరి అవకాశం. దరఖాస్తుతో సొంత రచన ఒకటి పెట్టాలన్నారు. నోట్సు టైపు చేయించి, నేనే బైండింగ్ చేసి ఇచ్చాను. పది రోజుల్లో జవాబొచ్చింది. హెడ్ గారి పుస్తకం నుంచి కాపీ కొట్టినట్టుంది, శుక్రవారం కమిటీకి సంజాయిషీ ఇవ్వమన్నారు. పాత నోట్సు చూపిద్దామంటే అది ఆమె చేతిరాతలోనే ఉంది. చూపిస్తే ఆమె నెత్తిన పాలు పోసినట్టే.

గురువారం మధ్యాహ్నం బావ షాపులో కూర్చుని, నోట్సు, పుస్తకం పక్కపక్కన పెట్టుకుని చదివాడు. ఉన్నట్టుండి "దొరికింది" అన్నాడు. ఆ వెంటనే మొహం మాడిపోయింది.

చైనా ఓడలు పెద్ద యాత్రకు బయల్దేరింది 1405లో. కొలంబస్ బయల్దేరింది 1492లో. మధ్య ఎనభై ఏడేళ్లు. మొదటి ఏడాది క్లాసులో బావ తీసివేత తప్పి తొంభై ఏడన్నాడు. ఇక అలవాటుగా ఏటా అదే చెప్పాడు. "తొంభై ఏడేళ్లు ముందు బయల్దేరినవాళ్లు ఎందుకు ఆగిపోయారు?" అని పరీక్షల్లో అడిగాడు కూడా. చరిత్రవాళ్లు సంవత్సరాలు బట్టీ పడతారు గానీ ఒకదాంట్లోంచి ఒకటి తీసి చూడరు. ఆయన సంతకంతో ఉన్న పాత ప్రశ్నపత్రాల్లో తొంభై ఏడు. వాటి తర్వాత ఎన్నో ఏళ్లకు వచ్చిన హెడ్ గారి పుస్తకంలోనూ తొంభై ఏడే.

"ఇది చెప్తే నాకు పోస్టు ఎవరిస్తార్రా?" అన్నాడు.

కారియర్ తెచ్చిన మా అక్క ఊరుకోలేదు. "చెప్పకపోతే దొంగవంటారు. లెక్క తప్పినవాడి పెళ్లాన్ని అనిపించుకుంటాను గానీ, దొంగ పెళ్లాన్ని అనిపించుకోను."

శుక్రవారం కమిటీ ముందు బావ చెప్పాడు. తలుపు బయట ప్రశ్నపత్రాల కట్ట పట్టుకుని నిలబడ్డ నాకు అంతా వినబడింది. తర్వాత హెడ్ గొంతు, ఎంతో మెత్తగా: "మాస్టారూ, అంటే ఇరవై రెండేళ్లు మాకందరికీ తప్పు చెప్పారన్నమాట."

"అవునమ్మా," అన్నాడు ఆ పిచ్చి మారాజు.

కట్టను ఎవరూ అడగలేదు. లోపలికెళ్లి ఆ బల్ల మీద విసిరికొట్టాలనిపించింది. నాకంత దమ్ము లేకపోయింది.

వారానికి ఉత్తరం వచ్చింది. తప్పు తనదేనని అభ్యర్థి స్వయంగా ఒప్పుకున్నారట, అలాంటివారిని పోస్టుకు పరిశీలించలేరట. నోట్సు ఎవరివన్న దాని మీద ఒక్క ముక్క లేదు. గెస్టుగా మాత్రం కొనసాగవచ్చట.

ఈ టర్ముకి హెడ్ గారి పుస్తకం రెండో ముద్రణ వచ్చింది. అదే పాఠ్యపుస్తకం, చెప్పాల్సింది మా బావే. ఆ పేజీ తీసి చూశాను. ఎనభై ఏడని దిద్దేశారు. ఆ పుస్తకం ఆయనదని చూపించడానికి ఉన్నది ఆ తప్పొక్కటే. అదీ ఆయనే చెప్పి తీయించాడు.