వార్డంతటికీ ఒకే కార్డు

పొద్దున్నే ఆసుపత్రి వార్డులో అడుగు పెట్టగానే, హెడ్ నర్సు మెడలోని కార్డు తీసి, దాని మీది బంగారు రంగు బిళ్లను రుమాలుతో తుడిచేది. "తండ్రీ, ఇవాళైనా దీనికి బుద్ధి పుట్టించు" అని మనసులో దణ్ణం పెట్టుకుని, కంప్యూటర్ పక్కనున్న చిన్న పెట్టెలో దూర్చేది. అందరూ ఆమెను పెద్దక్క అనేవారు.

ఎవరి కార్డు వాళ్లే పెట్టి, ఇచ్చిన మందు కంప్యూటర్లో తమ పేరునే ఎక్కించాలన్నది నియమం. రోగుల గుట్టు పరాయివాళ్ల కంట పడకుండా చేసిన ఏర్పాటు. మంచిదే. కానీ ఆ పెట్టెతో వేగడం ఎవరి తరం? కార్డు దూర్చాలి, పిన్ను కొట్టాలి, అది తీరిగ్గా ఆలోచించుకునేదాకా నిలబడాలి. మూడుసార్లు తప్పు పడితే ఇక మొండికేస్తుంది. ఈలోగా ఏదో మంచం మీంచి "అమ్మా" అని పిలుపు. అందుకని పెద్దక్క కార్డు సాయంత్రం దాకా అందులోనే ఉండిపోయేది. దాని మీదే పని కానిచ్చుకునే అలసిన నర్సు పిల్లలను కాదనడానికి ఆమెకు నోరు రాలేదు.

ఒకరోజు ఆమె కిటికీ పక్క మంచంలోని తాతకు పాలు తాగిస్తుండగా, ఎవరో ఒక రోగి మందును వేరొక రోగి పేరున ఎక్కించారు. దేవుడి దయ, ఎవరికీ కీడు జరగలేదు. తప్పు మాత్రం పెద్దక్క పేరున పడింది. ఇన్నేళ్లలో ఒక్క మాట పడని మనిషిని సంజాయిషీ అడిగారు.

"నేనేనక్కా" అని చిన్న నర్సు ఏడ్చింది. "నా కార్డు మొండికేసింది. నేనే వెళ్లి చెప్పేస్తా."

"చెప్పు తల్లీ, నా పేరు మీది మచ్చ కడుగు. కానీ రేపు ఇంకొకరికి మొండికేస్తుందిగా!"

చిన్న నర్సు చెప్పాక, పైవాళ్లు కార్డుల ఇంజనీరును పంపారు.

"కార్డు అలా వదిలేయడమంటే, తాళంచెవి గుమ్మానికే వదిలేయడం కదమ్మా" అన్నాడాయన మెల్లగా.

"నిజమే నాయనా. తాళం తీసేసరికి పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే ఇల్లాలు ఏం చేస్తుంది?"

ఆయన నవ్వాపుకోలేకపోయాడు. "ఊరికే ఆనిస్తే తెరుచుకునే కార్డులున్నాయమ్మా. ఎన్నిసార్లు అడిగినా, ఇప్పుడంత అవసరం ఏమొచ్చిందంటారు మా పెద్దాయన."

పెద్దక్క నిట్టూర్చింది. "అయితే ఒక్క సాయం చేసిపెట్టు. రేపు పొద్దున మందుల వేళకి ఆయన్ని ఇక్కడికి తీసుకురా, ఒక్క పూట మాతో పాటు ఆ పెట్టెతో వేగుతారు. చేతి తొడుగులు నేనిస్తా. కార్డు మాత్రం ఆయన్నే తెచ్చుకోమను."