బండి కంపెనీకి ఎనిమిదిగారి కోరికలు

మోటారుసైకిలు మీంచి ఎవరు పడినా తప్పు మనిషిది కాదు, బండిది. ఈ సిద్ధాంతం కనిపెట్టింది మా ఎనిమిదిగారు. పడినవాళ్లు ఆ మాట అనడంలో వింతేమీ లేదు, ఆడలేక మద్దెల ఓడని సామెతే ఉంది. కానీ పరీక్ష పెట్టే అధికారే పరుగెత్తుకొచ్చి, "మద్దెలే ఓడు నాయనా, నీ కాళ్లకేం, బంగారంలా ఉన్నాయి!" అంటే ఎలా ఉంటుంది? ఆయన దగ్గర ఆరేళ్లు గుమాస్తాగా పనిచేశాను కాబట్టి చెబుతున్నాను. చాలా బాగుంటుంది.

మాది డ్రైవింగు లైసెన్సులిచ్చే ఆఫీసు. వెనకాల సిమెంటు చేసిన స్థలం, దాని మీద సున్నంతో గీసిన పెద్ద ఎనిమిది అంకె. ఆఫీసువాళ్లదే ఒక పాత మోటారుసైకిలు ఉండేది. దాని మీద ఎక్కి, కాలు నేలకి తగలకుండా ఆ గీతల మధ్య రెండు చుట్లు తిరిగితే లైసెన్సు. తగిలితే లేదు. ముప్ఫై ఏళ్లు ఆ అంకె పక్కనే నిలబడి నిలబడి ఆయన అసలు పేరు అరిగిపోయింది. ఊళ్లో అందరికీ ఎనిమిదిగారే. ఆయన శ్రీమతి కూడా ఫోన్ చేసి, "ఎనిమిదిగారు భోజనానికొస్తున్నారా?" అని అడిగేది.

మెత్తని మనిషి కదా, పాస్ చేసేస్తాడనుకునేరు. అబ్బే! బొటనవేలి గోరు నేలకి తగిలినా "ఫెయిల్!" అని కేక వేసేవారు. ఒకసారి మా పై అధికారిగారి బావమరిది వచ్చి రెండో చుట్టులో కాలు పెట్టాడు. అందరం ఊపిరి బిగబట్టాం. "ఫెయిల్!" అన్నారు. తరువాత మామూలే, దగ్గరికి వెళ్లి అతని కాలికంటిన దుమ్ము స్వయంగా దులిపి, "నీ తప్పేం లేదు బాబూ, బండిది. అమ్మాయ్, రాసుకో!" అన్నారు.

అమ్మాయ్ అంటే నేను. ఆ కేక వినపడగానే కాగితాల అట్ట, కార్బన్ పేపరు పట్టుకుని పరుగెత్తాలి. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, ఆ బండి తయారుచేసిన కంపెనీకి అక్కడికక్కడే ఉత్తరం చెప్పేవారు. రాబోయే మోడల్లో ఏమేం ఉండాలో ఆయన కోరికలన్నమాట. పై అధికారి బావమరిది కాలు పెట్టింది స్నేహితులకి చెయ్యి ఊపబోయి. దానికి ఉత్తరం ఇది:

"అయ్యా, మీ బండికి రెండు చేతులూ కావాలన్న సంగతి మీ బండే ఎవరికీ చెప్పడం లేదు. రాబోయే మోడల్లో, ఒక చెయ్యి తీయగానే హ్యాండిల్ 'రెండోది ఏదీ?' అని అడిగేలా ఏర్పాటు చేయవలెను."

ఇంకో కుర్రాడు సైడ్ స్టాండు తీయకుండానే బయలుదేరి మలుపులో బోర్లా పడ్డాడు. "అయ్యా, మీ స్టాండుకి నోరు లేదు. నేనింకా కిందే ఉన్నాను మొర్రో అని అది మొత్తుకునే మోడల్ తేవలెను." ఒక పంతులమ్మగారు అద్దంలో చూసుకుంటూ గీత దాటారు. "అయ్యా, మీ అద్దంలో వెనకాల వచ్చే బండి తప్ప మా మోచెయ్యంతా కనిపిస్తోంది. మా మోచెయ్యి మాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఎక్కే ముందే అద్దం సరిచేసుకోమని అద్దమే చెప్పవలెను." న్యూట్రల్ గేరు గురించి అయితే ఆయన దగ్గర పదకొండు ఉత్తరాలున్నాయి. అవసరమైనప్పుడు దొరకని చుట్టం అని ఒక దాంట్లో తిట్టారు కూడా.

ఉత్తరం పూర్తయ్యాక గుండ్రటి ఆఫీసు ముద్ర వేసి, కార్బన్ కాపీ ఫెయిలైనవాళ్ల చేతికిచ్చేవారు. "ఇంట్లో చూపించండి. ప్రభుత్వమే చెప్పింది, తప్పు మీది కాదని. ఈ కాపీ రోజూ పొద్దున ఒకసారి చదువుకోండి" అనేవారు. అసలు ప్రతిని మాత్రం నా బల్ల మీద 'పంపవలసినవి' అని రాసి ఉన్న చెక్క ట్రేలో వేసి, "పంపించేయ్" అనేవారు. నాకు ముందున్న గుమాస్తా ఆ ట్రే నిండగానే తెచ్చి బీరువాలో కుక్కేవాడట. బీరువా తలుపు తెరిచిన రోజున ఉత్తరాలు నా నెత్తి మీద పడ్డాయి. ఛీ, ఎంత బద్ధకస్తుడో అనుకున్నాను. నేనలాంటిదాన్ని కాదు. పంపవలసినవి అని ఉంటే పంపుతాను. బండితో వచ్చిన పుస్తకంలో కంపెనీ చిరునామా వెతికి పట్టుకుని, బీరువాలోవీ ట్రేలోవీ కలిపి మూడు వందల పన్నెండు ఉత్తరాలు పోస్టు చేసి, చేతులు దులుపుకుని, నా అంత గుమాస్తా లేదని మురిసిపోయాను.

ఆ రోజుల్లోనే నర్సమ్మ వచ్చేది. ఆసుపత్రిలో పనిచేసేది. మంచం పట్టినవాళ్ల ఇళ్లకి వెళ్లి కట్లు మార్చి, మందులిచ్చి వచ్చే ఉద్యోగం ఖాళీ అయింది. ఆమెకి ఆ పనంటే ప్రాణం. కానీ ఊరి చివరి ఇళ్లదాకా తిరగాలి కాబట్టి మోటారుసైకిలు లైసెన్సు ఉండాలన్నారు, మూడు నెలలు గడువిచ్చారు. మనిషి పొట్టి, బండి పొడుగు. మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ ఎనిమిది నడుం దగ్గర కాలు పెట్టేసింది. ఇంట్లో మామగారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి, జెండా ఊపితే ఊపినట్టే. "నీకు చేతకాదమ్మాయ్, మానెయ్" అని ఎర్రజెండా ఊపబోయాడట. ఆమె ముద్ర వేసిన కాపీ చూపించింది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చదివి, "ప్రభుత్వమే తప్పు బండిదంటోందే! అయితే సరే" అని వెనక్కి తగ్గాడు. మూడు కాపీలతో మూడు నెలలు గడిచాయి. నాలుగోసారి వచ్చిన రోజే గడువుకి ఆఖరు రోజు.

ఆ రోజు మామగారు కూడా వచ్చి, కంచె అవతల చేతిలో మూడో కాపీ పట్టుకుని నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే గేటు ముందు ఒక కారు ఆగింది. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన లావుపాటి ఫైలు మోసుకుంటూ దిగి, "ఎనిమిదిగారంటే ఎవరండీ? నేను బండి కంపెనీ నుంచి వచ్చాను. కొత్త మోడల్ గీసే ఇంజనీర్ని. మీ మూడు వందల పన్నెండు ఉత్తరాలూ చదివాం" అన్నాడు.

నేను గర్వంగా ముందుకొచ్చాను. ఎనిమిదిగారి మొహం మాత్రం సున్నంలా తెల్లబడింది. నా చెయ్యి పట్టుకుని గోడ చాటుకి లాక్కెళ్లారు.

"పంపావా?"

"పంపమన్నారుగా సార్!"

"పంపమని అన్నాను. అంటే పంపెయ్యడమేనా? ముప్ఫై ఏళ్లుగా అంటున్నాను, ఒక్కడన్నా పంపాడా?"

"మరి ఎందుకు రాయిస్తున్నట్టు సార్?"

"కాపీ కోసమే పిచ్చిపిల్లా!" అన్నారు గుసగుసగా. "ఊరికే నీకు రాదు పొమ్మంటే మనిషి మళ్లీ వస్తుందా? రమ్మన్నా ఇంట్లోవాళ్లు రానిస్తారా? తిట్లు బండికి పడితే మనిషి మిగులుతుంది. ఇప్పుడు వీడొచ్చి బండిలో తప్పేం లేదంటే ఆ నర్సమ్మ గతేం కాను?"

ఎంత పని చేశాను అనుకుంటూ ఆయన వెనకే పరుగెత్తాను. మేం ఇవతలికి వచ్చేసరికి ఆయన భయమే నిజమైంది. ఇంజనీరు పరీక్షకొచ్చిన నలభై మంది ముందు గొంతు సవరించుకుని, "ఈ బండిలో ఏ తప్పూ లేదండీ. పడినవాళ్లందరూ సరిగ్గా నడపలేక పడ్డవాళ్లే" అంటున్నాడు. నర్సమ్మ తల వంచేసుకుంది. కంచె అవతల మామగారు చేతిలో కాగితం వంకా ఇంజనీరు వంకా మార్చి మార్చి చూశాడు.

ఎనిమిదిగారు ఒక్క క్షణం ఆలోచించారు. ఆ తరువాత ఎంతో వినయంగా, "అంతేనంటారా! మీరు తయారుచేసినవారు, మీకు తెలియనిదేముంది? ఒక్కసారి మీరే ఎనిమిది వేసి చూపిస్తే మావాళ్లు కళ్లారా చూసి నేర్చుకుంటారు" అన్నారు.

"దానిదేముంది!" అని ఇంజనీరు ఎక్కేశాడు. మొదటి చుట్టు బ్రహ్మాండంగా తిరిగాడు. చూసేవాళ్లు ఆహా అన్నారు. ఆ ఆహా విని రెండో చుట్టులో ఇంకొంచెం వేగం పెంచాడు. ఎనిమిది తల దగ్గర మలుపు ముంచుకొచ్చింది. గాభరాగా ముందు బ్రేకు నొక్కాడు. బండి వయ్యారంగా ఒరిగి ఆయన్ని నేల మీద కూర్చోబెట్టింది.

"ఫెయిల్!" అన్నారు ఎనిమిదిగారు, ఎవరికైనా అన్నట్టే.

ఆయన వెళ్లి ఇంజనీరుని లేవదీసి, ఇస్త్రీ చొక్కాకంటిన సున్నం దులిపి, అంతే ప్రేమగా, "మీ తప్పేం లేదు బాబూ, బండిది. అమ్మాయ్, రాసుకో! అయ్యా, మలుపులో వంగి ఉన్నప్పుడు ముందు బ్రేకు మీదికి చెయ్యి పోతే, వద్దని చెయ్యి పట్టుకునే మోడల్ తేవలెను. వేగమేదో మలుపుకి ముందే తగ్గించమని బండే నచ్చజెప్పవలెను" అన్నారు.

రాస్తూ రాస్తూ నా పెన్ను ఆగిపోయింది. ఇది కంపెనీకి కోరికా, ఈ మనిషికి పాఠమా? అప్పుడు వెలిగింది నాకు. నర్సమ్మ మూడో ఉత్తరం రాసింది నేనే కదా: "అయ్యా, నడిపేవాళ్లు దిగులుగా ముందు చక్రం వంకే చూస్తున్నారు. చూపు నేల మీద పడితే బండీ అక్కడే పడుతుంది. తల ఎత్తి, వెళ్లబోయే మలుపు వంక చూడమని గడ్డం కింద వేలు పెట్టి లేపే మోడల్ తేవలెను." ముప్ఫై ఏళ్లుగా ఈయన చేస్తున్నది ఇదా! ఎవరెక్కడ తప్పారో అచ్చంగా వాళ్లకే చెబుతూ, తిట్టు మాత్రం బండి ఖాతాలో వేస్తూ, పొద్దున్నే చదువుకోమని ఇంటికి పంపిస్తున్నారు. నేను ఏమిటో అనుకున్న మనిషికి అక్కడే, సున్నం గీత పక్కన, మనసులో సాష్టాంగపడ్డాను.

"నర్సమ్మా, నీ వంతు" అన్నారు.

ఆమె ఎక్కింది. మునివేళ్లతో నేలను నెట్టి బయలుదేరింది. చక్రం వంక చూడలేదు. గడ్డం పైకెత్తి, ఎక్కడికి వెళ్లాలో అక్కడికే చూసింది. నడుం దగ్గరికొచ్చేసరికి నలభై మందీ ఊపిరి తీయడం మానేశారు. దాటింది. ఒక చుట్టు. మళ్లీ నడుం. మళ్లీ దాటింది. రెండు చుట్లు! గీత దగ్గర బండి ఆపి, అప్పుడు దించింది కాలు. నా కళ్లలో నీళ్లు తిరిగాయంటే సిగ్గుపడను.

"పాస్!"

మామగారు కంచె మీంచి వంగి, "ఇవాళ బండి భలే నడిచిందండోయ్!" అన్నాడు.

ఎనిమిదిగారికి కోపం రావడం నేను అదొక్కసారే చూశాను. "బండా? బండికేం తెలుసండీ, ఇనప ముక్క! నడిపింది మీ కోడలు. ఇది కూడా రాసి ముద్ర వేసి ఇమ్మంటారా?"

"అక్కర్లేదండీ, కళ్లారా చూశాను" అన్నాడు మామగారు. ఆ గార్డుగారు నిజంగానే జేబులోంచి చేతిరుమాలు తీసి కోడలికి ఊపాడు. అదృష్టం కొద్దీ అది ఆకుపచ్చదే.

అందరూ వెళ్లిపోయారు. ఇంజనీరు మాత్రం నా బల్ల ముందు నిలబడి, ఏదో అడగబోయి మింగుతున్నాడు. నేను పని ఉన్నట్టు కాగితాలు సర్దుతూ కూర్చున్నాను. చివరికి అటూ ఇటూ చూసి నెమ్మదిగా అన్నాడు:

"మేడమ్, ముద్ర వేసి నా కాపీ ఇప్పిస్తారా? మా ఆఫీసులో చూపించాలి."

ఇచ్చాను. అక్కడే నిలబడి రెండుసార్లు చదువుకున్నాడు. గాల్లో ఊహ బ్రేకు పట్టుకుని, వదిలి చూసుకున్నాడు. కాపీని జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకుని, గుమ్మం దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి తిరిగాడు.

"మళ్లీ టెస్టు ఎప్పుడండీ?"