ముల్లు యాడుండాది, అమ్మీ?

నా చిన్నప్పుడు ఒక కారు ఇంజను వేడెక్కి కాగిపోవడానికి కారణం నేనేనని మా ఇంట్లో తేల్చేశారు. ఇంజను చూసి కాదు, నా పాదాలు చూసి. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఎనిమిదేళ్ల పిల్లకు అది నవ్వులాట కాదు.

అప్పుడు అమ్మ కడుపుతో ఉంది. ఏదో ఇబ్బంది వచ్చి, కాన్పయ్యేదాకా మంచం దిగకూడదని డాక్టరమ్మ చెప్పడంతో తిరుపతిలో ఆసుపత్రిలో చేర్చారు. నాయన ఆమెకు తోడుగా అక్కడే ఉండిపోయాడు. నన్ను పాకాలలో అమ్మ పుట్టింటికి పంపారు. మా తాత బెల్లం వ్యాపారి. ఆయనకొక పాత నల్ల కారు ఉండేది. దాన్ని ఇంకెవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. ప్రతి ఆదివారం నన్నూ అవ్వనూ ఎక్కించుకుని అమ్మను చూపించుకొస్తానని తాత మాటిచ్చాడు. ఆ ఆదివారం కోసమే నేను మిగిలిన వారమంతా గడిపేదాన్ని.

నేను వెళ్లిన మర్నాడే ఆయుధపూజ వచ్చింది. మా అవ్వకు పూజంటే పూజే, అందులో పిసినారితనం ఉండకూడదు. తన చేత్తోనే బంతిపూలు కట్టి, తాత మోచేయంత లావు దండ చేసి, కారు ముందరి జాలీకి అడ్డంగా రెండు వరసలు వేలాడదీసింది. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించారు. గుమ్మడికాయ కొట్టారు. పూజ దండను మనిషి తెంపకూడదనీ, దానంతట అదే రాలాలనీ అవ్వ పట్టు. ఆ దండ అక్కడే వాడింది, ఎండింది, నాలుగు రోజులకే దారంతో సహా ఎటుపోయిందో కనిపించకుండా పోయింది. దాని సంగతి అందరం మరిచిపోయాం.

మొదటి ఆదివారం చంద్రగిరి ఇంకా రానేలేదు, కారు ముందు నుంచి బుస్సుమని ఆవిరి లేచింది. చెట్టుకింద ఆపి, చల్లారేదాకా కూర్చుని, నీళ్లు పోసుకుని వెళ్లేసరికి ఆసుపత్రిలో చూసే వేళ దాటిపోయింది. అయ్యో పాపమని ఒక నర్సమ్మ లోపలికి వదిలితే, అమ్మ చెయ్యి పట్టుకున్నానో లేదో బయటికి పొమ్మన్నారు. రెండో ఆదివారమైతే ఆ మాత్రం కూడా దక్కలేదు. అదే చోట కాగింది. సగం దారి నుంచే వెనక్కి వచ్చేశాం.

మిగిలిన రోజుల్లో తాత అదే కారులో బెల్లం మండీకీ, రైలు స్టేషనుకూ తిరుగుతూనే ఉన్నాడు. ఒక్కసారి కూడా కాగలేదు. అవ్వ మనసులో లెక్క కుదిరిపోయింది. ఒకరోజు పొద్దున్నే వంటింట్లో ఆమె తాతతో అంటుంటే నేను గుమ్మం ఇవతల ఉన్నాను. “సూడయ్యా, ఆ పిల్ల కాలు పెట్టిన పొద్దే బండి కాగతా ఉండాది. కడుపుతో ఉండే బిడ్డ కాడికి పోతా ఉంటే ఇదేం శకునం? ఈసారికి దాన్ని ఇంట్లోనే ఉండనీ.”

అవ్వ చెడ్డది కాదు. రోజూ నాకు తలదువ్వి, నెయ్యి వేసి ముద్దలు పెట్టేది. కూతురి మీద బెంగ ఆమె చేత అలా అనిపించింది. కానీ నాకు అవన్నీ ఎక్కడ తెలుస్తాయి? ఇంట్లో వదిలేస్తారన్న దిగులుకన్నా, నా వల్ల అమ్మకేమన్నా అవుతుందేమోనన్న భయం ఎక్కువైంది. బట్టలుతికే బండ మీద కూర్చుని సబ్బుతో పాదాలు రుద్దుకున్నాను. కడిగాను, మళ్లీ కడిగాను. తాత పెరట్లోకి వచ్చి చూశాడు. చెంబుతో నీళ్లు పోసి, తన భుజం మీది తువ్వాలుతో నా కాళ్లు తుడిచి, కారు దగ్గరికి తీసుకెళ్లాడు.

కారు రాత్రంతా నిలబడి చల్లగా ఉంది. వేడి మీద మూత తీస్తే మొహం కాలుతుందని చెప్పి, అప్పుడు రేడియేటర్ మూత తిప్పాడు. నీళ్లు అంచుదాకా ఉన్నాయి. కింద నేల పొడిగా ఉంది, అంటే ఎక్కడా కారడం లేదు. ఫ్యాను బెల్టును బొటనవేలితో నొక్కి చూశాడు, బిగువుగానే ఉంది. ఆయిల్ పుల్ల తీసి నాకు చూపించాడు. ఇంజను లోపల నీళ్లు కలిసుంటే అది పాలు పోసిన కాఫీలా ఉండేదట, అలా లేదు. ఒక్కొక్కటీ చూస్తూ “ఇది కాదు”, “ఇదీ కాదు” అని తనలో తాను అనుకున్నాడు. ఆయనకు తొందరంటే ఏమిటో తెలియదు. బెల్లం దిమ్మెను కొనేముందు కూడా అంతే, చిదిమి, వాసన చూసి, నాలుక మీద వేసుకుని గానీ మాట చెప్పేవాడు కాదు.

తర్వాత అవ్వను పిలిచాడు. “సరే మే, నీ మాటే కానీ. ఈ పొద్దు ఆ బిడ్డ రాదు. నువ్వూ నేనే చంద్రగిరి దాకా పోయొద్దాం. తక్కినదంతా ముందర మాదిరే ఉండనీ” అన్నాడు. అవ్వ మొహం వెలిగిపోయింది. నన్ను పక్కింటి అక్క దగ్గర కూర్చోబెట్టి ఇద్దరూ బయలుదేరారు. ఆ కారు బాగా పోవాలని మొక్కుకోవాలా, కాగాలని మొక్కుకోవాలా తెలియక నేను ఏడుస్తూ కూర్చున్నాను. సిగ్గుపడకుండా చెబుతున్నాను, కాగాలనే మొక్కుకున్నాను.

వాళ్లు వచ్చేసరికి బానెట్ సందుల్లోంచి ఆవిరి వస్తోంది. అబ్బ, ఆ ఆవిరి చూసి నాకెంత సంతోషమో! పరుగెత్తుకెళ్లాను. అవ్వ మాత్రం ఊరుకుంటుందా, పిల్ల వాసన ఇంకా సీటుకుందేమోనంది. తాత పకపకా నవ్వాడు. తను మండీకి పోయేది కూతవేటు దూరమనీ, బండి కాగేలోపే దిగిపోతాననీ, తిరుపతి దారి అలా కాదనీ విడమరిచి చెప్పాడు. ఇంట్లోకి పిల్ల వచ్చిన వారంలోనే ఇంకేం వచ్చిందో గుర్తు చేసుకోమన్నాడు. అవ్వకేమీ గుర్తు రాలేదు.

బండి బాగా చల్లారాక తాత నా జడ రిబ్బను అడిగాడు. ఇంజను స్టార్టు చేసి, బానెట్ ఎత్తి, జాలీకీ రేడియేటర్‌కూ మధ్య సందులోకి రిబ్బను పైనుంచి దించాడు. వెనక ఫ్యాను గాలిని లాగుతుంది కాబట్టి రిబ్బను రేడియేటర్‌కు అతుక్కోవాలట. రెండు చివర్లలో అతుక్కుంది. నడిమధ్యకు రాగానే ఊరికే వేలాడింది, అంటే అక్కడ గాలి ఆడటం లేదన్నమాట. తాత ఇంజను ఆపి, చీపురుపుల్లతో ఆ సందులో గీకాడు. దుమ్ము పట్టి అట్టకట్టిన బంతిరేకులు గుప్పెడు గుప్పెడుగా రాలాయి. వాటితోపాటు ఒక దారం ముక్క. పసుపు రాసిన దారం, అవ్వ వేసిన ముడితోనే ఉంది.

అవ్వ ఆ ముడిని చేతిలోకి తీసుకుని చూసింది. తాత ఒక్క మాట దెప్పలేదు. అదీ ఆయన మంచితనం. వెనకనుంచి నీళ్లు కొట్టి రేడియేటర్ అంతా కడిగాడు. అవ్వ మసిపట్టిన నా రిబ్బను ఉతికి ఆరేసింది.

మూడో ఆదివారం వెనక తలుపు తీసి నేను ఎక్కబోతుంటే అవ్వ నా రెక్క పట్టుకుని ఆపింది. నన్ను ముందు సీటులో తాత పక్కన కూర్చోబెట్టి, తను వెనక ఎక్కింది. కారు కదిలింది. వేడి చూపే ముల్లు నా ఎదురుగానే ఉంది. కాస్త దూరం పోయాక వెనకనుంచి అవ్వ గొంతు వినిపించింది. “ముల్లు యాడుండాది, అమ్మీ?” నడిమికే ఉండాదవ్వా అన్నాను. ఇంకాసేపటికి మళ్లీ అడిగింది. చంద్రగిరిలో అడిగింది, దాటాక అడిగింది, ఆసుపత్రి గేటు దాకా అడుగుతూనే ఉంది. తప్పైపోయిందని పిల్లల దగ్గర చెప్పుకోవడం ఆ రోజుల్లో పెద్దవాళ్లకు చేతకాదు. మా అవ్వకు చేతనైంది అదే. ఆరోజు చూసే వేళంతా అమ్మ మంచం మీదే, ఆమె చెయ్యి వదలకుండా కూర్చున్నాను.

ఇప్పుడు నేనే అవ్వను. మొన్న మా చిన్నవాడి పెళ్లయి, కొత్తకోడలు ఇంట్లో అడుగుపెట్టిన నెలలోనే వాడి దుకాణం మూతపడింది. చుట్టపుచూపుగా వచ్చిన ఒకావిడ గొంతు తగ్గించి, కోడలు కాలు పెట్టిన వేళంటూ ఆ మాటే మొదలుపెట్టబోయింది. నేను పూర్తి చేయనివ్వలేదు. మా వాడి వైపు తిరిగి, “ముల్లు యాడుండాదిరా?” అని అడిగాను. ఆవిడకు అర్థం కాలేదు. చిన్నప్పటినుంచీ ఈ కథ వింటూ పెరిగిన మా వాడికి అర్థమైంది. లేచి వెళ్లి, కోడలిని పిలుచుకొచ్చి తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు.