తీగలు కలపను సాబ్

జాలర్ల ఊరు మార్కండి ఇంకా కిలోమీటరు ఉందనగా మా లారీ ఆగిపోయింది. ముందు రోడ్డు లేదు. రోడ్డు ఉండాల్సిన చోట సరుగుడు చెట్లు వేళ్ళతో సహా ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. తుఫాను ముందురోజే తీరం దాటింది. గాలి తగ్గింది, వాన తగ్గలేదు.

మాది సైన్యంలో ఇంజనీర్ల దళం. వెంట రెండు మోటారు రంపాలు, గొడ్డళ్ళు, తాళ్ళు, చిన్న జనరేటరు, రేడియో సెట్టు. మా అధికారి సుబేదారు సాబ్ ఆర్డరు ఒక్క ముక్కే.

“రేపు చీకటి పడేలోగా నీళ్ళ ట్యాంకరు ఊళ్ళోకి వెళ్ళాలి.”

ఊరి బావుల్లో సముద్రం కలిసిపోయింది. గుక్క నోట్లో పోసుకుంటే ఉమ్మెయ్యాల్సిందే.

నేనప్పుడు నాయక్ హోదాలో ఉన్నాను, దళానికి ఎలక్ట్రీషియన్ని. మాది బరంపురం. మా నాన్నకు అక్కడ కిరాణా కొట్టుంది. ఆ జాలర్లతో వాళ్ళ తెలుగులోనే మాట్లాడగలిగింది మాలో నేనొక్కణ్ణే.

ఆ సాయంత్రానికి ఒక రంపంలోకి నీళ్ళు దిగాయి. రెండోదాని గొలుసు తెగింది. ఇక గొడ్డళ్ళే దిక్కు. వలలు ఆరేసుకోడానికి ఆ చెట్లకు ఏళ్ళ తరబడి మేకులు కొట్టారు. వేటు వేసిన ప్రతిచోటా మేకు తగిలింది. పొద్దుటికి గొడ్డళ్ళన్నీ పళ్ళూడిన నోళ్ళయ్యాయి. ఆకురాయితో పనయ్యేలా లేదు.

ఊళ్ళో సానరాయి తిప్పే గ్రైండరు ఒకే ఒక్కటి ఉంది. పడవ ఇంజన్లు బాగుచేసే నీలమ్మ, ఎర్రయ్య దంపతుల షెడ్డులో బల్లకు బిగించి ఉంది. షెడ్డు పైకప్పు ఎగిరిపోయింది. చెట్ల మీదుగా జనరేటరు మోసుకొచ్చి షెడ్డు బయట పెట్టాం, దాని తీగ లోపలికి తెచ్చి తగిలించాను. స్విచ్చి నొక్కితే కదలిక లేదు. స్విచ్చి విప్పి చూస్తే లోపల ఉప్పు తిని, రేకులు పచ్చగా చిలుము పట్టి, స్ప్రింగు పొడి పొడిగా రాలింది. మోటారు మాత్రం పొడిగానే ఉంది.

“సీధా జోడ్ దో,” అన్నారు సుబేదారు సాబ్. స్విచ్చి తీసేసి తీగలు నేరుగా కలిపెయ్యమని.

నీలమ్మకు హిందీ రాదు. ఆయన వేలు తీగల వైపు తిరగడం చూసింది. వచ్చి గ్రైండరుకు అడ్డంగా నిలబడింది.

“కలపనివ్వను. నా మిషను మీద సెయ్యెయ్యొద్దు.”

గుమ్మంలోంచి ఒక ముసలాయన కేకేశాడు. “నీల్లు నేక పిల్లలు ఏడస్తంటే నీ మిషను గోలేటే?”

“దాహం నాకు నేదేటి మావా?” ఆమె పక్కనున్న ఎర్రయ్య కుడిచెయ్యి పట్టుకుని పైకెత్తింది. బొటనవేలు, చిటికెనవేలు మాత్రమే ఉన్నాయి. “అప్పుడూ స్విచ్చి పోతే ఇలగే కలిపినారు. ఈ పూటకి నడిసిపోద్దన్నారు. కరెంటు పోనాది. రాయి దగ్గర ఇరుక్కున్న ముక్క ఈయన తీస్తన్నాడు. సెప్పాపెట్టకుండా కరెంటు వొచ్చీసినాది. సూడండి! ఇంకొకడి ఏల్లు నా షెడ్డులో పోనివ్వను.”

నేను సాబ్‌కి హిందీలో చెప్పాను. ఆయన చేతి గడియారం చూసుకున్నారు.

“జనరేటరు మనది. ఆపమంటే ఆపుతాం. కలుపు.”

“కలపను సాబ్.”

ఫౌజులో ఆ మాట ఎవరూ అనరు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

“ఇది ఆర్డర్.”

“తెలుసు సాబ్. పెట్రోల్లో నీళ్ళు కలిశాయి. పొద్దుట్నుంచి జనరేటరు ఆగిపోతోంది. ఆగినప్పుడల్లా బయటున్న జవాను తాడు లాగి మళ్ళీ వేసేస్తున్నాడు. లోపల ఎవరి చెయ్యి ఎక్కడుందో వాడికి కనపడదు. శిక్ష వెయ్యండి, పడతాను. తీగలు మాత్రం కలపను.”

ఆయన రేడియో జవాను వైపు తిరిగి కొత్త స్విచ్చి అడిగించారు. ఛత్రపూర్ క్యాంపు నుంచి జవాబు వచ్చింది. “స్విచ్చి రేపు. ఓవర్.”

“రేపు ఎవడికి కావాలి?” అన్నారు సాబ్. “నాయక్, ఇంకో గంట. స్విచ్చి ఎక్కణ్ణించి తెస్తావో తే.”

నీలమ్మ అప్పటికే బయల్దేరింది, నేనూ వెంట వెళ్ళాను. ఊరి చివర పంచాయతీ పంపుహౌసు. లోపల గోడకు ఎత్తులో పంపు మోటారుని వేసి ఆపే స్టార్టరు పెట్టె, మూత బిగించే ఉంది, ఉప్పునీళ్ళు తగల్లేదు. వార్డు మెంబరు అడ్డుపడ్డాడు.

“ఇది సర్కారీ జినిసొ! సర్కారు సామాను, ముట్టుకోకండి.”

“ఉప్పునీల్లు తోడతావేటి దీంతో? అడిగినోలకి నీలమ్మ పట్టుకెల్లిందని సెప్పు. నానిక్కడే ఉంటాను, ఎక్కడికీ ఎల్లను.”

పెట్టె ఊడదీసి షెడ్డుకు తెచ్చాక జనరేటరు ఆపించాను. ప్లగ్గు పీకి జేబులో పెట్టుకున్నాను. పాత తీగల కొసలు కోసి, మెరిసే రాగి కనిపించేదాకా గీకాను. ఫేజు, న్యూట్రలు స్టార్టరులో బిగించాను. ఎర్తు తీగ గ్రైండరు ఒంటికి కలిపాను. పెట్టెను చెయ్యి అందే చోట బల్లకు బోల్టులతో పట్టించి మూత వేశాను. పచ్చ బటన్ నొక్కితే నడవాలి, ఎర్రది నొక్కితే ఆగాలి. కరెంటు పోతే లోపల దానంతటదే విడిపోవాలి. మళ్ళీ కరెంటు వచ్చినా, పచ్చది నొక్కేదాకా రాయి కదలకూడదు.

జనరేటరు వేయించాను. పచ్చది నొక్కాను. రాయి గుయ్యిమని లేచింది. జనరేటరు ఆపమన్నాను. రాయి మెల్లగా ఆగిపోయింది.

“తాడు లాగు!” అని బయటికి అరిచాను.

అంతలో ఎర్రయ్య ముందుకొచ్చాడు. కుడి అరచెయ్యి తీసుకెళ్ళి రాయి మీద పెట్టాడు.

“తియ్యి అన్నా!” అన్నాను.

“ఒకసారి తిన్నాది గదా. ఇంకోసారి తిననీ, సూద్దాం.”

బయట జనరేటరు మళ్ళీ అందుకుంది.

మొదటి గొడ్డలి సాబే అందించారు. ఆ పూటంతా ఎర్రయ్య సానపట్టాడు, మేం నరికాం. ఊళ్ళో ఆడా మగా దుంగలు లాగారు. జనరేటరు ఎన్నిసార్లు ఆగిందో లెక్కపెట్టలేదు. ఎవరికీ గోరు కూడా ఊడలేదు. చీకటి పడకముందే ట్యాంకరు ఊళ్ళోకి వెళ్ళింది.

తిరుగు ప్రయాణంలో సాబ్ నన్ను లారీ ముందు సీట్లో, తన పక్కన కూర్చోబెట్టుకున్నారు.

“మళ్ళీ నా ఆర్డరు కాదంటావా?”

“అలాంటిదైతే అంటాను సాబ్.”

ఆయన సిగరెట్టు వెలిగించుకున్నారు. నా మీద శిక్ష కాగితం ఏదీ రాలేదు.

ఇప్పుడు రిటైరై బరంపురంలో ఉంటున్నాను. సరిహద్దు గురించీ, మంచు గురించీ, తుపాకుల గురించీ ఊళ్ళోవాళ్ళు అడుగుతారు. అవీ చూశాను, చెబుతాను. కళ్ళు మూసుకుంటే మాత్రం కనిపించేది ఒకటే. కప్పులేని షెడ్డులోకి వాన పడుతోంది. జనరేటరు హోరెత్తుతోంది. రాయి కదలడం లేదు. దాని మీద రెండు వేళ్ళ చెయ్యి, అదీ కదలడం లేదు.