ఆఖరి సంచీ కరగడానికి

నెబ్రాస్కా గాలి సంగతి చెబితే నమ్మరు. వీధికి ఈ చివర ఒకడు తుమ్మితే ఆ చివరివాళ్లు ముక్కు తుడుచుకుంటారు. ఆ గాలిలో ఇరవై రెండేళ్లుగా కదలకుండా నిలబడ్డ మనిషి మార్లిస్ ఓస్టెన్‌డార్ఫ్.

ఆమె మొగుడు వెర్లిన్ కోతల మనిషి. మే నెలలో యంత్రం ఎక్కాడంటే, గోధుమ పండే వరసనే టెక్సస్ నుంచి మోంటానా దాకా కోసుకుంటూ పోతాడు. వాన పడి కోత ఆగితేనే ఒక ఆదివారం ఇంటి ముఖం చూస్తాడు. అలాంటి ఆదివారాల కోసం మార్లిస్ ముందే ఆరు సంచీలు కట్టి పెడుతుంది. ఒక్కో దాంట్లో ఎద్దు భుజం మాంసం, క్యారెట్లు, ఉల్లిపాయలు. బంగాళదుంపలు వెయ్యదు, గడ్డకడితే నల్లబడతాయి. ఆ సంచీలుండే ఫ్రీజర్ ఎంతటిదంటే, అడుగున ఒక చేప ఇంకా ఉత్తర ధ్రువంలోనే ఉన్నాననుకుంటోందని ఊళ్లో వదంతి. పుట్టించిందెవరో అడక్కండి.

చిక్కేమిటంటే, గడ్డకట్టిన మాంసాన్ని అలాగే, గంటల తరబడి సన్నసెగన ఉడికించే స్లో కుక్కర్‌లో పడెయ్యకూడదు. ఒకటిన్నర రోజు ఫ్రిజ్‌లో కరగాలి. ఆదివారం భోజనానికి కావాలంటే శుక్రవారమే ఫ్రీజర్‌లోంచి దించాలి. అంటే అతను వస్తాడని శుక్రవారమే నమ్మాలి. కరిగినదాన్ని మళ్లీ గడ్డకట్టించరు.

ఐదు శుక్రవారాలు నమ్మింది. ఐదుసార్లూ పక్కింటి ముసలావిడ ఆర్డెల్ వచ్చి గిన్నె ఖాళీ చేసింది.

"మోంటానాలో చినుకు పడకూడదని రోజూ ప్రార్థిస్తున్నానే మార్లిస్. నడుము రెండంగుళాలు పెరిగింది."

"ఆ ప్రార్థన కాస్త తగ్గించండి, మీ నడుముకీ మంచిది."

"ఇంకెన్నున్నాయే?"

"ఒకటి."

ఆర్డెల్ చెంచా కింద పెట్టేసింది.

ఆగస్టులో ఒక శుక్రవారం వెర్లిన్ ఫోన్ చేశాడు. "మబ్బు పట్టింది. పడితే వస్తా. సోమవారం పొద్దున్నే మళ్లీ బయల్దేరాలి."

మార్లిస్ ఫ్రీజర్ తెరిచి చాలాసేపు నిలబడింది. ఇది కూడా ఆర్డెల్ కడుపులోకి పోతే, అతని కోసం దాచిందంటూ ఇంట్లో ఏమీ మిగలదు. దించలేదు.

శనివారం తెల్లవారుజామునే అక్కడ వాన దంచింది. ఆదివారం పొద్దున వెర్లిన్ ఒంటినిండా దుమ్ముతో గుమ్మంలో నిలబడ్డాడు.

"వాసన రావట్లేదేం?"

"దించలేదు. ఆఖరిది."

గుడ్లు వేయించి పెట్టింది. అతను సగం తిని అన్నాడు, "ఏడొందల మైళ్లు దానికోసమే వచ్చాను తెలుసా."

"దానికోసమేనా?"

"దారిలో నువ్వు కూడా ఉన్నావని గుర్తొచ్చిందిలే."

నవ్వొచ్చింది గాని నవ్వలేదు. వెర్లిన్ లేచి, ఆ సంచీ తనే తీసి ఫ్రిజ్ కింది అరలో పెట్టాడు.

"రేపు రాత్రికి గాని కరగదు," అంది. "ఎల్లుండి గాని ఉడకదు."

"తెలుసులే," అంటూ ఫోన్ తీసుకుని కోతల మేస్త్రీతో మాట్లాడటానికి వరండాలోకి వెళ్లాడు. అవతల ఎవరో గట్టిగా అరుస్తున్నారు. ఇతను మాత్రం నేల ఇంకా తడిగా ఉంటుందనీ, మంగళవారం రాత్రికి గాని కదలననీ నిదానంగా చెబుతున్నాడు.

మార్లిస్ ఫ్రిజ్ తలుపు తెరిచింది. చల్లదనం మీటను ఇంకో అంకె పెంచి, చప్పుడు కాకుండా మూసింది.